కాకి కోసం నాలుగు పొరలు

ఆ రోజు పొద్దున్న రత్నంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా చాక్లెట్టు చెయ్యాలి, పన్నెండుకల్లా దాన్ని కాకి తినాలి. మొదటిది తన చేతిలో పని. రెండోది కాకి నోట్లో పని.

ముక్తేశ్వరంలో కాకులకు కొదవ లేదు. వీధిలో పెసరట్టు చేత్తో పట్టుకుని నిలబడితే అట్టు కాకిదీ, ఆకలి మనదీ అవుతుంది. అలాంటి ఊళ్ళో ఆవిడ భర్త సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి పేర పిట్టగోడ మీద పెట్టిన ఆకును మాత్రం ఏ కాకీ ముట్టలేదు. పదకొండో రోజున గారెలు పెట్టారు. ఆ తర్వాత నెలనెలా మాసికానికి బూరెలు పెట్టారు, పరమాన్నం పెట్టారు, పనసపొట్టు కూర పెట్టారు. ఒకసారి ఒక ముసలి కాకి వచ్చి ఆకుని చూసి, రత్నంగారిని చూసి, ఇల్లు పొరబడి పెళ్ళిభోజనానికి వచ్చిన మనిషిలా తల దించుకుని వెళ్ళిపోయింది. ఇవాళ సంవత్సరీకం. ఇవాళ కూడా ముట్టకపోతే మళ్ళీ ఏడాది దాకా ఆయన ఆకలితోనే ఉంటారని ఆవిడ భయం.

కాకి ఎందుకు ముట్టడం లేదో ఊరికి తెలియదు. రత్నంగారికి తెలుసు.

రావుగారికి పదకొండేళ్ళ పాటు షుగరు. ఆ పదకొండేళ్ళూ ఆ ఇంట్లో తీపి అన్న మాట కూడా ఎవరూ గట్టిగా అనలేదు. పొద్దున్న కాకర రసం, మధ్యాహ్నం కాకర వేపుడు, రాత్రి కాకర పులుసు. ఎంత పెట్టినా షుగరు మూడొందల కిందికి దిగేది కాదు. కాకర చాలడం లేదేమోనని ఆవిడ పెరట్లో రెండో పాదు కూడా వేశారు. రావుగారు కంచం ముందు కూర్చుని, కొబ్బరిచెట్ల వైపు చూస్తూ ఉండిపోయేవారు. ఆవిడ వంటింట్లోంచి "తింటారా, నన్ను రమ్మంటారా?" అనేదాకా ముద్ద ముట్టేవారు కారు. అన్నాక మొత్తం తినేసేవారు. ఏ పూటా అది తప్పలేదు.

ఆయన పోవడానికి ముందు రోజు సాయంత్రం, పిన్ని కొడుకు ముత్యాలరాజు దోహా నుంచి సెలవు మీద వచ్చాడు. వస్తూనే అన్నయ్య చేతిలో ఒక చాక్లెట్టు బారు పెట్టాడు. పైన చాక్లెట్టు, లోపల సాగే పాకం, మధ్యలో వేరుశనగ గుళ్ళు. రావుగారు కాగితం ఒలిచి నోటి దాకా తీసుకెళ్ళారు. రత్నంగారు లాక్కున్నారు.

"రేపు పొద్దున్న షుగరు చూసుకుని తిందురుగాని" అన్నారు.

"ఆయ్" అన్నారాయన.

రేపు వచ్చింది గానీ, షుగరు చూడ్డానికి మనిషి లేడు. నిద్రలోనే పోయారు.

నోటికాడిది లాక్కున్నానన్న మాట ఏడాదిగా ఆవిడ గొంతులో అడ్డం పడి ఉంది. మొన్న కూతురు హేమ కొత్తపేట నుంచి వచ్చినప్పుడు, బియ్యం ఏరుతూ ఏరుతూ చెప్పేశారు. హేమ వెంటనే వెళ్ళి అలాంటి బారే ఒకటి కొనుక్కొచ్చింది. అదే పెట్టేస్తే కథ అక్కడితో అయిపోను. కానీ రావుగారి అక్కగారు అచ్చమ్మగారు ఆ కాగితం మీది అక్షరాలన్నీ చదివించారు.

"గుడ్డులో తెల్లసొన" అని చదివింది హేమ.

"పెద్దల ఆకులో గుడ్డేటే? పైగా ఎవరు ఏ చేత్తో చేసేరో ఏటో. ఇంట్లో పొయ్యి మీద చేసిందైతేనే మా తమ్ముడికి చేరుద్ది" అన్నారు అచ్చమ్మగారు.

పురోహితుడు శాస్త్రిగారిని అడిగారు. ఆయన చాలాసేపు ఆలోచించి, "శాస్త్రంలో చాక్లెట్టు పెట్టకూడదని ఎక్కడా లేదండి. పెట్టమని కూడా లేదనుకోండి" అన్నారు.

సంవత్సరీకం నాడు తెల్లవారుజామునే, మళ్ళీ సెలవు మీద వచ్చిన ముత్యాలరాజు చేతుల మీదుగా రేవులో కార్యం అయిపోయింది. అతను భోజనాలకు పెరుగు తెస్తానని అమలాపురం వెళ్ళాడు. శాస్త్రిగారు అరుగు మీద కూర్చున్నారు. ముగ్గురు ఆడవాళ్ళూ వంటింట్లో ఫోను చుట్టూ చేరారు. ఫోనులో ఒక అమ్మాయి నాలుగు పొరల బారు మూడు నిమిషాల్లో చేసేసింది. ముక్తేశ్వరంలో మొదటి పొరకే గంటన్నర పట్టింది.

"కింద చాక్లెట్టు. దాని మీద నూగా. దాని మీద కారమెల్, గుళ్ళు. పైన మళ్ళీ చాక్లెట్టు" అని చదివింది హేమ.

"నువ్వులా? మంచిదే. పెద్దలకి నువ్వులుండాల్సిందే" అని అచ్చమ్మగారు డబ్బా బోర్లించేశారు.

"నువ్వులు కాదత్తా, నూగా."

"అదేలే. మీరు నూగా అంటారు, మేం నువ్వులంటాం. తీపిలో కారమెందుకే మరి?"

"కారం కాదు. కారమెల్. అంటే పాకం."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు గదా" అని అచ్చమ్మగారు హేమని పక్కకు జరిపి గరిటె అందుకున్నారు.

నూగా అంటే తెల్లసొన గిలక్కొట్టి చేసే మెత్తటి పొర. ఆ తెల్లసొన బదులు కొబ్బరి వేశారు. కోనసీమలో ఏది లేకపోయినా దాని బదులు కొబ్బరే వేస్తారు. పంచదార బదులు బెల్లం వేశారు. పాకం మెత్తగా సాగాలని, వెన్న వేసి వెంటనే దింపెయ్యాలని హేమ మొత్తుకుంది. నలభై ఏళ్ళుగా అచ్చులు పోస్తున్న చెయ్యి తనదని, పాకాన్ని నీళ్ళలో వేస్తే టంగుమనాలని అచ్చమ్మగారు చెప్పారు. టంగుమంది.

రెండో పొయ్యి మీద ఏదో వేగుతున్న వాసన వచ్చింది.

"కార్యం రోజున ఈ చేదు ఎవరికే రత్నం?" అన్నారు అచ్చమ్మగారు.

రత్నంగారు మూకుడులోకి చూశారు. కాకర వేపుడు. ఎప్పుడు తరిగారో, ఎప్పుడు పొయ్యి మీద వేశారో ఆవిడకే తెలియదు. నిజానికి ఈ ఏడాది పొడుగునా రోజూ అదే జరుగుతోంది. చేతులు వాటంతటవే తరిగేస్తున్నాయి. ఆయన వాటా ఆవిడే తినేస్తున్నారు. ఆవిడకి షుగరు లేదు.

"అలవాటులో పడిపోయింది వదినా" అని మూత పెట్టి మూలకి జరిపారు.

చాక్లెట్టు గట్టిపడింది. ఎంత గట్టిపడిందంటే, చాకు వంగిపోయింది. కత్తిపీట ఊగిపోయింది. చివరికి పెరట్లో కొబ్బరికాయలు ఒలిచే గునపం తెచ్చి పొడిచారు. ఒక ముక్క ఎగిరి రేకులషెడ్డు మీద పడింది. ఆ చప్పుడుకి, గోదావరి దాటించే పంటు బయలుదేరిపోతోందనుకుని రేవులో ఇద్దరు పరుగెత్తారట.

"చూడ్డానికలా ఉంది గానీ, నోట్లో వేసుకుంటే కరిగిపోద్ది" అని అచ్చమ్మగారు ఒక ముక్క నోట్లో వేసుకుని గట్టిగా కొరికారు. పై కట్టుడు పళ్ళూ కింది కట్టుడు పళ్ళూ కలిసిపోయాయి. మళ్ళీ విడిపోలేదు. వేణ్ణీళ్ళు పోశారు, నూనె రాశారు. ఆవిడ కళ్ళతోనే అందరినీ తిట్టడం మొదలుపెట్టారు.

ఆ నిశ్శబ్దంలో హేమ రెండో వాయి సరిగ్గా చేసింది. పాకం మెత్తగా, బంగారపు రంగులో సాగింది. గుళ్ళు చక్కగా కూర్చున్నాయి. పై పొర దగ్గరికి వచ్చేసరికి చాక్లెట్టు అయిపోయింది. అదే నిమిషంలో కరెంటు పోయింది. ఫ్రిజ్జు ఆగిపోయి, కింది పొర కూడా జారడం మొదలుపెట్టింది.

కావలసినవి రెండు. అమలాపురంలో ఉన్న ముత్యాలరాజు ఇంకో చాక్లెట్టు తేవాలి. రేవు దగ్గర కొట్టు నడిపే దుర్గారావుగారు తన ఐసుపెట్టెలో కాస్త చోటివ్వాలి. హేమ చేతుల నిండా పాకం. రత్నంగారి చేతుల్లో పళ్ళెం. చేతులు ఖాళీగా ఉన్న మనిషి అచ్చమ్మగారొక్కరే. నోరు ఖాళీగా లేదన్న సంగతి తొందరలో ఎవరికీ తట్టలేదు.

"తమ్ముడికి పెట్టాలి, చాక్లెట్టు బారొకటి పట్రా" అని ఆవిడ అంటుకున్న పళ్ళతోనే ఫోనులో ముత్యాలరాజుతో అన్నారు. అతనికి వినిపించింది మూడు ముక్కలు. "తమ్ముడికి... బారు... పట్రా."

"తమ్ముడి బారు గట్టిపడాలి, మీ కొట్లో పెట్టెలో పెట్టుకుంటాం" అని దుర్గారావుగారితో అన్నారు. ఆయనకు వినిపించింది కూడా మూడు ముక్కలే. "తమ్ముడి బారు... మీ కొట్లో... పెట్టె." ఆయన "వచ్చేస్తున్నానండి" అని ఫోను పెట్టేశారు.

మూడు దాటింది. ఇక ఆగలేమని శాస్త్రిగారు అన్నాక, పై పొర లేని చాక్లెట్టునే ఆకులో ముక్కలుగా పెట్టి పిట్టగోడ మీదికి చేర్చారు. కొబ్బరిమట్ట మీద ఒక కాకి కూర్చుని చూస్తోంది. చూస్తూనే ఉంది.

ముందు ముత్యాలరాజు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సంచిలోంచి ఒక సీసా, రెండు సోడాలు, ఒక మిక్చరు పొట్లం తీసి అరుగు మీద పెట్టాడు.

"అన్నయ్య మందు ముట్టుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు వదినా" అని భోరుమన్నాడు. "ఆ కోరిక లోపల దాచుకునే పోయేడన్నమాట. తెలిస్తే దోహా నించి మంచిదే తెద్దును గదా."

శాస్త్రిగారు తన పుస్తకాన్ని సీసాకి రెండు జానల దూరం జరుపుకున్నారు. "శాస్త్రంలో దీని గురించి మాత్రం ఉందండి" అన్నారు.

అంతలో దుర్గారావుగారు వచ్చారు. చెప్పులు గేటు బయటే విడిచి, చేతిలో ఒక ప్లాస్టిక్ పెట్టెతో, తల వంచుకుని నిలబడ్డారు.

"చెల్లెమ్మగారూ, నన్ను క్షమించాలి. తప్పంతా నాదే."

"దేనికండి అన్నయ్యగారూ?"

"అచ్చమ్మక్కగారు ఫోన్ చేసేరు. మా కొట్లో బావ బారుల పెట్టె సంగతి మీకు తెలిసిపోయిందంట గదా."

ఆయన పెట్టె మూత తీశారు. లోపల, మంచు పట్టిన కాగితాల్లో, ఆరు చాక్లెట్టు బారులు. ఏడాది నుంచి అలాగే ఉన్నాయి. ఇవి ఎవరికీ అమ్మబుద్ధి కాలేదన్నారాయన.

"రోజూ నాలుగింటికి వచ్చేవాడండి, కొబ్బరి రాశి చూసొస్తానని మీతో చెప్పి. బల్ల మీద కూచుని ఒకటి తినేసి, నోరు పుక్కిలించి, మూతి తుడుచుకుని ఎల్లిపోయేవాడు."

"ఎన్నాళ్ళ నించి?" అన్నారు రత్నంగారు.

"షుగరని తెలిసిన మర్నాటి నించండి."

హేమ వేళ్ళ మీద లెక్కపెట్టి, "నాలుగు వేలు దాటుతాయమ్మా" అంది. రత్నంగారు పెరటి వైపు చూశారు. రెండో పాదు పందిరి నిండా అల్లుకుని ఉంది.

"మీరైనా వద్దనలేదా?"

"అనకేం, రోజూ అనేవోణ్ణి. 'మా ఆవిడ పెట్టే కాకర మూడుపూట్లా తింటన్నాగదరా, దానికీ దీనికీ చెల్లు' అనేవాడు."

"ఇంకొన్నాళ్ళు ఉండేవారు" అన్నారు రత్నంగారు. అది ఎవరితోనూ అన్నది కాదు. దుర్గారావుగారు పెట్టె మూత మళ్ళీ పెట్టేశారు.

అప్పుడు ఆవిడ, అడగడానికి భయపడుతున్న మాట అడిగారు. "ఆఖరి రోజున?"

"ఆ రోజు రెండు తిన్నాడండి. సాయంత్రం ముత్యాలరాజు వస్తున్నాడు, ఏదో తెస్తాడు, మా ఆవిడ ముందు ఆశపడితే ఆవిడ బాధపడుద్ది అని, ముందే రెండు తినేసి ఎల్లేడు. ముత్యాలరాజు చెప్పేడు, మీరు లాక్కున్నారని. అది మూడోదండి."

రత్నంగారు మెట్టు మీద కూర్చున్నారు. ఏడాదిగా గొంతులో అడ్డం పడి ఉన్న బారు కదిలింది. కదలగానే దాని వెనక పదకొండేళ్ళ కాకరకాయలన్నీ గుర్తొచ్చాయి. పొద్దున్నే మంచులో కోసినవి, గింజలు తీసినవి, ఉప్పు రాసి పిండినవి. దేవుడికి మొక్కిన మొక్కులు. మార్చిన ముగ్గురు డాక్టర్లు. ఏడుపూ కోపమూ ఒకే గుమ్మంలోంచి ఒకేసారి రాబోయి ఇరుక్కున్నాయి.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళారు. మూలనున్న మూకుడు తెచ్చి, కాకర వేపుడు మొత్తం పిట్టగోడ మీద ఆకులో, చాక్లెట్టు పక్కన దిమ్మరించారు. నడుం మీద చెయ్యి వేసుకుని, కొబ్బరిమట్ట వైపు తలెత్తి అన్నారు.

"తింటారా, నన్ను రమ్మంటారా?"

కాకి దిగింది.

ఆకు ముందు బుద్ధిగా నిలబడింది. ఒక కాకర ముక్క తింది. ఇంకోటి తింది. ప్రతి ముక్కకీ మధ్య కొబ్బరిచెట్ల వైపు చూస్తూ, ఒక్కటీ మిగల్చకుండా తింది. చాక్లెట్టు వైపు కన్నెత్తి చూడలేదు. అచ్చమ్మగారి పళ్ళు అప్పుడే టక్కున విడిపోయాయి. అయినా ఆవిడ ఏమీ మాట్లాడలేదు.

రత్నంగారు పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, ఇంటి వైపు మొహం తిప్పుకున్నారు. ఆవిడ అలా తిరగడం ఆలస్యం, కాకి పెద్ద చాక్లెట్టు ముక్క ఒకటి చూసి కరుచుకుని, కొబ్బరిచెట్ల మీదుగా రేవు వైపు ఎగిరిపోయింది.

"అమ్మా, చాక్లెట్టు" అంది హేమ.

"నేను చూళ్ళేదు" అన్నారు రత్నంగారు.

లోపల గోడ గడియారం నాలుగు కొట్టింది.