ప్రశ్నలు కంఠతా పట్టిన బడి

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దదని ఆ అడవి పెద్దలే చెప్పుకునే అడవిలో, ఎండిపోయిన వాగు పక్కన ఒక ప్రాథమిక పాఠశాల ఉండేది. నేరేడు చెట్టు నీడ ఎంతమేర పడితే అంతమేర బడి. నీడ జరిగితే పిల్లలూ జరిగేవారు.

హెడ్మాస్టరు కొంగ. పేరు ధ్యానానందరావు. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు సగం మూస్తే, పిల్లల భవిష్యత్తు గురించి ఆలోచిస్తున్నాడని చూసేవాళ్ళు అనుకునేవారు. నిజానికి ఆయన ఆలోచించేది చేపల గురించి. వాగులో నీళ్ళతో పాటే చేపలూ పోయాయి. ఎండ్రకాయలు తిని తిని ఆయనకి బతుకు మీదే విసుగు పుట్టింది.

అడవి అవతలి కొసన పెద్దచెరువు బడి ఉంది. అక్కడ కుర్చీలోంచి లేవకుండా మెడ చాపితే చాలు, చేప నోటికందుతుందని వినికిడి. ఆ బడికి బదిలీ కావాలన్నదే మన హెడ్మాస్టరుగారి జీవితాశయం.

ఒకరోజు అడవి ఆఫీసు నుంచి అటెండరు కాకి ఎగిరొచ్చి కబురు చెప్పింది. "పిల్లల్లో మంచి నేర్చుకునే అలవాట్లు పెంచాలట సార్. ఇన్‌స్పెక్టరుగారు స్వయంగా వచ్చి చూస్తారట. అందరికంటే బాగా పెంచిన బడికి షీల్డు. ఆ హెడ్మాస్టరుకి కోరిన చోటికి బదిలీ."

చివరి మాట వినగానే కొంగగారి రెండో కాలు కూడా నేలమీదికి దిగింది.

వెంటనే మీటింగు పెట్టాడు. చిలక టీచరు సువర్చలమ్మ వచ్చింది. గుడ్లగూబ మాస్టారు వచ్చాడు. బడి కమిటీ చైర్మన్ ఎలుగుబంటి అప్పలకొండ కూడా మూతికంటిన తేనె తుడుచుకుంటూ వచ్చాడు. పిల్లలకి మధ్యాహ్నం పెట్టాల్సిన పళ్ళు ఈయనగారి గుహకే చేరేవి. గుహ నుంచి బడికి దారి ఉంది. పళ్ళకి మాత్రం ఆ దారి దొరికేది కాదు. పుచ్చిన రేగిపళ్ళేవైనా ఉంటే అవి మాత్రం వచ్చేవి.

"అలవాట్లంటే ఏమిటసలు?" అడిగాడు కొంగ. "మన గుడ్లగూబ మాస్టారు శిక్షణకి వెళ్ళొచ్చారుగా, చెప్పమనండి."

శిక్షణ ఎక్కడ జరిగినా ఆ బడి నుంచి గుడ్లగూబనే పంపేవారు. శిక్షణలు పగటిపూట జరిగేవి. పగలు నిద్రపోవడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య.

"టీ ఇచ్చినప్పుడు మెలకువ వచ్చిందండి," అన్నాడాయన కళ్ళు విప్పడానికి తంటాలు పడుతూ. "అప్పుడొక మాట వినబడింది. పిల్లలు ప్రశ్నలడగాలిట. అది అన్ని అలవాట్లకీ తల్లిలాంటిదట. తర్వాత మళ్ళీ పడుకున్నాను."

"ప్రశ్నలా!" చిలకమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఇన్నాళ్ళూ జవాబులు కంఠతా పట్టించానండీ. ప్రశ్న అడిగే పని నాది, జవాబు అప్పజెప్పే పని పిల్లలది. ఇప్పుడు ఉన్నట్టుండి తిరగేయమంటే ఎలా?"

"దానికేముంది సువర్చలమ్మగారూ," అన్నాడు కొంగ. "ప్రశ్నలు కూడా కంఠతా పట్టించండి."

చిలకమ్మ ముఖం విప్పారింది. ఇది ఆవిడకి వచ్చిన పనే.

మర్నాటి నుంచి మొదలు. పిల్లకో ప్రశ్న పంచిపెట్టారు. అడగాలనుకున్నవాళ్ళు తోక నిటారుగా ఎత్తాలి. టీచరు పేరు పిలవాలి. లేచి నిలబడి, కళ్ళు పెద్దవి చేసి, ఎంతో కుతూహలం ఉన్నట్టు ముఖం పెట్టి అడగాలి. కుతూహలం ముఖం ఎలా పెట్టాలో చిలకమ్మే చేసి చూపించింది. చూసిన కుందేలు పిల్ల ఒకటి జడుసుకుంది.

ఉడుత పిల్ల తురాయికి దక్కిన ప్రశ్న: "టీచరమ్మా, విత్తనం ముందు వేరు వేస్తుందా, ఆకు వేస్తుందా?" ముంగిస పిల్ల గవర్రాజుకి: "టీచరమ్మా, వాగులో నీళ్ళు ఎక్కడికి పోయాయి?" రోజూ పొద్దున ప్రార్థన అవగానే బడంతా ఎలుగెత్తి ప్రశ్నలు వల్లెవేసేది.

కొద్దిరోజులకి తురాయి తోక మామూలు వేళకాని వేళలో లేచింది. "టీచరమ్మా, ప్రశ్న వచ్చేసింది. మరి జవాబు?"

"జవాబు ఇన్‌స్పెక్షన్‌లో లేదమ్మా. కూర్చో."

కూర్చుంది. కానీ ఆ వయసు పిల్లల బుర్రలో ఒక ప్రశ్న పెట్టి జవాబు పెట్టకపోతే అది ఊరుకుంటుందా? పాలపన్ను కదిలినట్టే, నాలుక అక్కడికే పోతూంటుంది. తురాయి చింతగింజలు కొన్ని తెచ్చి నేరేడు మొదట్లో పాతింది. రోజూ బడికి రాగానే ఒక గింజ తవ్వి చూడడం, మట్టి కప్పేయడం. ఒకరోజు గింజ పగిలి తెల్లటి మొన కిందికి దిగడం చూసి బడి దద్దరిల్లేలా అరిచింది. "వేరే! ముందు వేరే!"

పిల్లలంతా మూగారు. చిలకమ్మ కూడా వచ్చి తొంగిచూసింది. ఇన్నేళ్ళు విత్తనం పాఠం చెప్పింది గాని, ఆవిడ ఎప్పుడూ విత్తనాన్ని తవ్వి చూసిన పాపాన పోలేదు. చూసిన విత్తనమల్లా తినేసింది మరి.

"అయితే మరి దానికి కింద ఏదో పైన ఏదో ఎలా తెలుసు?" అని ఆవిడ నోటివెంట వచ్చేసింది. ఎవరూ నేర్పకుండా, ఎవరి మాటా వల్లించకుండా ఆవిడ అన్న మొదటి మాట అదే. తనే ఉలిక్కిపడి చుట్టూ చూసుకుంది.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ చిలకమ్మంటే ఆ క్షణంలోనే ఇష్టం పుట్టింది.

అలవాటు బడి దాటి ఇళ్ళకి పాకింది. గవర్రాజు తల్లి ముంగిస లబోదిబోమంటూ హెడ్మాస్టరు దగ్గరికొచ్చింది. "మావాడు తిండి దగ్గర కూర్చుని, 'అమ్మా, పాములు మనల్ని ఏం చేశాయే?' అని అడుగుతున్నాడు బాబూ. మా వంశంలో ఆ మాట ఎవరూ అడిగి ఎరగరు. నేనేం చెప్పేది? నాకూ తెలీదు. పామెదురైతే నాకిప్పుడు చెయ్యాడట్లేదు. ఈ అలవాటు మాన్పించండి, మీకు పుణ్యముంటుంది."

"ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ఓర్చుకోండమ్మా," అన్నాడు కొంగ. "ఆ తర్వాత మేమే మాన్పిస్తాం. పిల్లల ప్రశ్నలు మాన్పించడంలో మా బడికి మొదటినుంచీ మంచి పేరుంది."

ఆ రోజు రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఏనుగు కరిరాజుగారు పూలదండ మోసుకుంటూ నేరేడు కిందికి వచ్చేసరికి నీడంతా ఆయనకే సరిపోయింది. పిల్లలు ఎండలో కూర్చున్నారు. ఆయన ముందు ఎలుగుబంటి చైర్మన్ పనసపళ్ళు, సీతాఫలాలు గుట్టలు పోయించాడు. చెరువు చేప ఎలా ఉంటుందో గుర్తుచేసుకుంటూ కొంగ వినయంగా వంగాడు.

"పిల్లలకి రోజూ ఇదే మేతండి. చదువు వంటబట్టాలంటే కడుపు నిండాలి కదా," అన్నాడు ఎలుగుబంటి.

"బాగు బాగు," అన్నాడు ఏనుగు పనసపండు నోట్లో వేసుకుంటూ. "ఇక అలవాట్లు చూపించండి."

తోకలన్నీ ఒక్కసారిగా లేచాయి. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు కళ్ళు పెద్దవి చేసి ప్రశ్నలడిగారు. ప్రతిదానికీ ఏనుగుగారు "మంచి ప్రశ్న!" అని తలూపాడు. కొంగకి పెద్దచెరువు గాలి తగులుతున్నట్టే ఉంది.

గవర్రాజు వంతు వచ్చింది. "అయ్యా, వాగులో నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

"మంచి ప్రశ్న!"

గవర్రాజు కూర్చోలేదు. "మంచిదని అందరికీ చెబుతున్నారండి. మరి జవాబు ఎవరు చెబుతారు?"

ఏనుగు నోట్లో పనస తొన ఆగిపోయింది. ఆయన్ని ఎవరైనా ప్రశ్న అడిగి చాలా ఏళ్ళయింది. జవాబు చెప్పడం ఎట్లాగో ఆయన మరిచిపోయాడు.

ఈలోగా తురాయి తోక మళ్ళీ లేచింది. దాని వంతు ఎప్పుడో అయిపోయింది. కొంగ కళ్ళెర్రజేశాడు. చిలకమ్మ మాత్రం, ఏం తోచిందో ఏమో, "చెప్పు తల్లీ," అంది.

"అయ్యా, మాకు రోజూ పుచ్చిన రేగిపళ్ళొస్తాయి. మీరొచ్చిన రోజే పనసపళ్ళు ఎందుకొచ్చాయి?"

దాని గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. విత్తనం సంగతి అడిగినప్పుడు ఎలా అడిగిందో అలాగే అడిగింది. పొద్దుటినుంచీ దాని కడుపులో ఏమీ లేదు, అంతే.

"పళ్ళ చెట్లు... దూరం... రవాణా..." అంటూ ఎలుగుబంటి గోక్కోవడం మొదలుపెట్టాడు.

"దూరమైతే రేగిపళ్ళెలా వచ్చాయండి?" అంది ఇంకో పిల్ల.

"మీ గుహ గుమ్మం ముందు సీతాఫలం గింజలెందుకున్నాయండి?" అన్నాడు గవర్రాజు. వాగు నీళ్ళు వెతుక్కుంటూ వాడు అడవంతా తిరిగాడు మరి.

ఏనుగు ఉరిమి చూడబోయాడు. అంతలో తురాయి ఆయనవైపు తిరిగింది. "పోయినేడు కూడా మీరొచ్చారు కదండీ. ఇక్కడంతా సవ్యంగా ఉందని చెప్పి వెళ్ళారట. అప్పుడు మమ్మల్నెందుకు అడగలేదండీ?"

ఏనుగుకి పరిస్థితి అర్థమైంది. ఎలుగుబంటిని పట్టుకుంటే తాను దొరుకుతాడు. పిల్లని గద్దిస్తే ప్రశ్నలడిగే అలవాటు కోసం వచ్చి ప్రశ్నకి భయపడ్డాడంటారు. దారి ఒక్కటే మిగిలింది. తొండమెత్తి ఘీంకరించాడు.

"శభాష్! అడవి మొత్తంలో ఇంత మంచి అలవాటు ఎక్కడా చూడలేదు. షీల్డు ఈ బడికే! రేపట్నుంచి పళ్ళు కమిటీ గుహకి కాదు, నేరుగా ఈ చెట్టుకిందికే వస్తాయి."

పిల్లలు కేరింతలు కొట్టారు. అప్పటికే తురాయి ఒక సీతాఫలం పుచ్చుకుని, తినాలా పాతాలా అని ఆలోచిస్తోంది. చివరికి తినేసి గింజలు దాచుకుంది.

కొంగ చల్లగా ఏనుగు చెవి దగ్గరికి చేరాడు. "అయ్యగారూ, మరి నా బదిలీ... పెద్దచెరువు..."

ఏనుగు గొంతు పెంచి అందరికీ వినబడేలా అన్నాడు. "ఇంత గొప్ప అలవాటు నేర్పిన హెడ్మాస్టరుని కదిలిస్తే పిల్లలకి అన్యాయం చేసినట్టే. ధ్యానానందరావుగారు రిటైరయ్యేదాకా ఈ వాగు ఒడ్డునే ఉంటారు!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మాటున తొండం వంచి గుసగుసగా అన్నాడు. "నువ్వొస్తే ఈ జబ్బు అక్కడికీ అంటుకుంటుందయ్యా. మా మనవడు పెద్దచెరువు బడిలోనే చదువుతున్నాడు. మా ఇంటిదాకా తెస్తావా?"

పోతూ పోతూ ఈ అలవాటు మిగతా బడులకి ఎప్పుడు ప్రవేశపెట్టాలో అధ్యయనం చెయ్యమని గుడ్లగూబ మాస్టారి అధ్యక్షతన ఒక సంఘం వేశాడు. సంఘం పగటిపూటే సమావేశమవుతుంది. ఇంకా అవుతూనే ఉంది.

ఎలుగుబంటి ఇప్పుడు బడి ఛాయలకి రాడు. చిలకమ్మ రోజూ పిల్లలతో పాటు విత్తనాలు తవ్వుతుంది. కొంగ యథాప్రకారం ఒంటికాలి మీద నిలబడుతున్నాడు గాని, కళ్ళు మూసుకునే వీలు లేదు. మూసుకోగానే చుట్టూ తోకలు లేస్తాయి.

"సార్, ఏం ఆలోచిస్తున్నారండి?"

నీతి: మంచి అలవాట్లున్నట్టు నటించమని చిన్నపిల్లలకి ఎన్నడూ నేర్పకూడదు; వాళ్ళకింకా నటన చేతకాదు, నిజంగానే అలవాటు చేసుకుంటారు.