పసుపు గుడ్డ కింద సవరం

ఆ శనివారం పొద్దున రాజంపేటలో నాగరత్నమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్త వెంకటలక్ష్మమ్మ గుడికి పోతుంది, భర్త తిరుమలయ్య బట్టలకొట్టు తెరవడానికి పోతాడు, ఆ సందులో తను సవరానికి తలంటాలి. మూడేళ్ళుగా నెలకొకసారి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా జరుగుతున్న తలంటు అది.

సవరం అల్లాటప్పాది కాదు. పెళ్ళిచూపులకు ముందు, సవరాలమ్మే ఆవిడ గంపలోంచి నాగరత్నమ్మ తల్లి పదకొండు కుచ్చులు తీయించి, ఒక్కొక్కదాన్నీ వెలుతురులో కూతురి జుట్టు పక్కన పెట్టి చూసింది. ఒకటి ఎర్రగా ఉంది, ఒకటి మరీ నున్నగా ఉంది, ఇంకొకటి గుర్రానిదేమోనని అనుమానం. పన్నెండోది ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా కలిసిపోయింది. దాంతో జడ నడుము దాటింది. ఆ జడ చూసే సరేనన్నానని తిరుమలయ్య ఇప్పటికీ కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెబుతుంటాడు. సవరం సంగతి బయటపడితే మొగుడి ముఖం ఎలా చూడాలన్నదే నాగరత్నమ్మ బెంగ.

సవరాన్ని కుంకుడు రసంలో నానబెట్టి, పిండకుండా నీళ్ళు ఓడ్చి, కొసల నుంచి పైకి చిక్కు తీసింది. ఎండ తగిలితే రంగు తిరుగుతుంది కనుక మిద్దె మీద గోడనీడన చేటలో పరిచింది. కాకుల భయానికి చేతికందిన పాత పసుపు గుడ్డ కప్పి, తానూ తలస్నానానికి దిగింది.

ఆ రోజు పూజారి పక్కూరికి పోయాడు, గుడి తలుపులు తీయలేదు. వెంకటలక్ష్మమ్మ పోయిన దారినే వచ్చి, మిరపకాయలు ఎండేద్దామని మిద్దె ఎక్కింది. చేట మీద పసుపు గుడ్డ కనిపించింది. ఆ ఇంట్లో పసుపు గుడ్డ చుట్టేది దేవుడి మొక్కుకే. ఎత్తి చూస్తే బారెడు జుట్టు!

ఆమె కిందికి దిగేసరికి కోడలు తలకు తువ్వాలు చుట్టుకొని నీళ్ళగదిలోంచి వస్తోంది. ఇక సందేహమేముంది? పోయిన నెల తనకు చలిజ్వరం ముదిరి తగ్గింది. ఇంటి దేవుడు అహోబిలం నరసింహస్వామి.

"నా తల్లీ! నా పానం కోసరం నీ జుట్టంతా సామికి మొక్కుకుంటివా?" అని కోడల్ని కావలించుకొని ఏడ్చేసింది.

"అత్తా, అది..."

"చెప్పొద్దు అమ్మీ! మొక్కు బయటికి చెప్పగూడదు."

నాగరత్నమ్మ ఇరుకున పడింది. నిజం చెబితే సవరం సంగతి మొగుడి చెవిన పడుతుంది. చెప్పకపోతే తాను గుండుతో ఉన్నట్టు. ఆలోచిస్తే గుండే నయమనిపించింది.

చెప్పకూడదన్న అత్తగారే గోడ మీదుగా పక్కింటి కృష్ణవేణమ్మకు చెప్పింది. కృష్ణవేణమ్మ వీధికి చెప్పింది. గంటలో ఇంటినిండా ముత్తైదువలు. సవరాన్ని ఇత్తడి తట్టలో పెట్టి పసుపూ కుంకుమా చల్లి, కనకాంబరాలు చుట్టి హారతి పట్టారు. "మా కోడలూ ఉండాది, నేను తుమ్మితే ఆమడ దూరం పోతాది" అని కృష్ణవేణమ్మ నిట్టూర్చింది. గుండు చూడాలని అందరికీ ఉంది గానీ, అడగడానికి నోరు రాలేదు. నాగరత్నమ్మ తువ్వాలును రెండు చేతులా పట్టుకొని మూలన కూర్చుంది. అహోబిలానికి బస్సు మాట్లాడమని అప్పుడే ఎవరో మనిషిని పంపారు.

కబురు కొట్టుకు చేరేసరికి "మీ ఇంటామె గుండు కొట్టించుకునిందంట" అని మిగిలింది. తిరుమలయ్య బట్ట కొలిచే గజం బద్దతోనే పరుగెత్తుకొచ్చాడు. మూలన భార్యను చూశాడు, తట్టలో జుట్టును చూశాడు, హమ్మయ్య అనుకుంటూ బద్దను గోడకు ఆనించాడు.

"ఓస్, ఇదా! అమా, ఇది నీ కోడలి సవరం గదా!"

నాగరత్నమ్మ చేతుల్లోంచి తువ్వాలు జారి, ఎలకతోకంత సొంత జుట్టు తడితడిగా భుజం మీద పడింది.

"మీకు... ఎప్పుడు తెలిసింది?"

"పెండ్లయిన వారానికే. నువ్వు నిద్రపోతాంటే ఊడిపడింటే, నేనే ఎత్తి నీ దిండు కింద పెట్టినా."

"మరి మీరు జడ జడ అని ఊరంతా చెప్పుకుంటాండారే!"

"నువ్వు అంత కష్టపడి దాపెడతాంటే, నమ్మినట్టు కనపడేదానికి నేనూ రోంత కష్టపడల్ల గదా!"

నాగరత్నమ్మకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. మూడేళ్ళ భయం అక్కడికక్కడే తీరిపోయి, ఆ మనిషి మీద పట్టరానంత ప్రేమ పుట్టింది. ముఖం చిన్నబోయింది వెంకటలక్ష్మమ్మ ఒక్కతిదే.

"అయితే నా కోసరం ఎవురూ ఏమీ మొక్కుకోలేదన్నమాట."

"మొక్కుకుంటి అత్తా, టెంకాయ. నీకు జరం తగ్గిన్నాడే కొడితిని."

"ఒగటేనా?"

నాగరత్నమ్మ లేచి తట్టను అత్త చేతుల్లో పెట్టింది. "ఇది గూడా సామికే ఇస్తా అత్తా. నా తలలో పుట్టింది కాకపోయినా, దీనికి చేసినంత చాకిరీ నా సొంత జుట్టుకు నేనెప్పుడూ చేసుకోలేదు."

వెంకటలక్ష్మమ్మ మళ్ళీ ఏడ్చింది, ఈసారి నవ్వుతూ. హారతి పట్టినదాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగూ కుదరదని కృష్ణవేణమ్మ తీర్పు చెప్పింది. వీధి వీధంతా కలిసి సవరాన్ని బస్సెక్కించి అహోబిలం తీసుకుపోయింది.

గుండు కబురు మాత్రం సవరం కబురు కంటే చాలా ముందే ఊళ్ళు దాటింది. పది రోజుల తర్వాత ఎర్రగుంట్ల నుంచి చూసిపోదామని వచ్చిన చుట్టాలు నాగరత్నమ్మ భుజం దాటిన జడ చూసి, పది రోజుల్లో అంత జుట్టు మొలిపించిన స్వామికి నిలబడ్డచోటే దండం పెట్టుకున్నారు.