సర్వజన దూరవిద్యా పీఠం వారి ఉచిత మొదటి పాఠం

చదువు తనంతట తాను మనిషి గడప దాకా రావడం మానవజాతి చరిత్రలో ఒకే ఒక్కసారి జరిగింది. 1991 జూన్‌లో, కేతేపల్లికి, మైకు కట్టిన జీపులో వచ్చింది. జీపు సర్వజన దూరవిద్యా పీఠం వారిది. ముప్పై దాటిన ప్రతి మనిషికీ ఏడాదిలో డిగ్రీ అనీ, మొదటి పాఠం ఉచితమనీ మైకు చాటింది. (ముప్పైలోపు వారికి చదువు మీద ఎలాగూ ఆశ ఉంటుంది కనుక వారికి ఉచితంగా ఏమీ ఇవ్వనక్కర లేదని పీఠం అంచనా.)

అంగన్‌వాడీ టీచర్ షరీఫున్నీసాకు అప్పుడు ముప్పై నాలుగు. ఇంటర్ కాగానే పెళ్ళయింది. డిగ్రీ ఉంటే సూపర్‌వైజర్ పోస్టుకు దరఖాస్తు పెట్టవచ్చు. మూడేళ్ళు ఆగితే వయసు దాటిపోతుంది. జీపు వెంట నాలుగడుగులు పరుగెత్తి, పరిపాలనా శాస్త్రం మొదటి పాఠం తెచ్చుకుంది.

అంగన్‌వాడీలో పిల్లలు నిద్రపోయాక ఆయా ఈదమ్మకు వినిపిస్తూ చదివింది. పాఠం బ్రహ్మాండంగా ఉంది. చివరి వాక్యం మాత్రం ఇలా ఉంది: "ఆఫీసులో ఫైలు ఆగిపోవడానికి కారణం ఒక్కటే. అది..." దాని కింద చిన్న అక్షరాల్లో: మిగతాది రెండో పాఠంలో, చేరినవారికి మాత్రమే.

"గిట్లెట్ల ఆపుతరు టీచరమ్మా! నాకు రేపటిదాంక బువ్వ సయిస్తదా?" అన్నది ఈదమ్మ.

సైకిల్ షాపు నడిపే భర్త తాజుద్దీన్ కూడా "ఫికర్ చెయ్యకు, పిల్లల్ని నేను చూస్కుంట. చేరు" అన్నాడు. ఆమె ఫీజు కట్టి చేరింది.

రెండో పాఠం రాలేదు. రెండు నెలలు చూసి, బస్సెక్కి చిట్యాలలోని పీఠం కేంద్రానికి వెళ్ళింది. అక్కడ ఆకర్షణ విభాగం సహాయ పర్యవేక్షకుడు ఐలేశం ఉన్నాడు. (బోధన విభాగం కూడా ఉండేది. దాని కుర్చీ ఆకర్షణ విభాగానికి బదిలీ అయింది.)

"రెండో పాఠం ఇయ్యుండ్రి సార్."

"మొదటి పాఠం ముట్టినట్టు రశీదు తెచ్చిన్రా అమ్మా?"

"గది ఉత్తగనే ఇచ్చిన్రు గద సార్, రశీదు ఎక్కడిది?"

"ఉత్తగ ఇచ్చినదానికే రశీదు కావాలె. ఫీజు తీస్కున్నదానికి మేమేం ఇస్తలేం గద."

కేంద్రం గడప తొక్కినవారంతా నిబంధన ప్రకారం 'ఆకర్షింపదగిన వ్యక్తులు'. కనుక ఐలేశం ఆమె పేరు రిజిస్టరులో ఎక్కించి, చరిత్ర మొదటి పాఠం ఉచితంగా చేతిలో పెట్టాడు. మరుసటి నెల అర్థశాస్త్రం, ఆ పై నెల వృక్షశాస్త్రం. డిసెంబరు నాటికి షరీఫున్నీసాకు లోకంలోని అన్ని శాస్త్రాలూ ఎక్కడ మొదలవుతాయో తెలిసింది.

ఆరోసారి ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఐలేశం చాయ్ తెప్పించి, గొంతు తగ్గించాడు.

"అబద్ధమెందుకు గని అమ్మా, రెండో పాఠం లేనే లేదు. ఎవరూ రాయలే. మొదటి పాఠాలు అచ్చేసుడుకే కాయిదం అయిపోయింది."

మార్చిలో పరీక్ష. షరీఫున్నీసా చాయ్ గ్లాసు పక్కకు జరిపింది.

"నేను రాస్త సార్."

ఐలేశం నిబంధనల పుస్తకం తిరగేశాడు. పాఠ్య రచయితకు విషయంలో క్షేత్రానుభవం ఉండాలట. ఆఫీసుకు ఆరుసార్లు తిరిగినట్టు రిజిస్టరులో రుజువుంది. ఆ కేంద్రంలో అంత అర్హత మరెవరికీ లేదు.

ఆమె పదిహేను రోజుల్లో రాసింది. ఫైలు ఆగదు, దాన్ని పట్టుకున్నాయన ఆగుతాడు అని మొదలుపెట్టి, ఆయన్ను కదిలించే మార్గాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. "ఇప్పుడు సమజయింది" అన్నది ఈదమ్మ, సంబరంగా. పీఠం దాన్ని రచయిత పేరు లేకుండా అచ్చేసింది. మిగతా పాఠాలు ఎలాగూ లేవు గనుక పరీక్షలో ప్రశ్నలన్నీ దాంట్లోంచే వచ్చాయి. షరీఫున్నీసా నవ్వుకుంటూ రాసి వచ్చింది.

ఫలితాలొచ్చాయి. చిట్యాల కేంద్రంలో అందరూ పాసయ్యారు, ఆమె తప్ప. పేరు పక్కన కారణం టైపు చేసి ఉంది: జవాబులు పాఠ్యపుస్తకంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయినందున కాపీగా నిర్ధారించడమైనది.

"పాఠం నాదే అని చెప్పుండ్రి సార్!"

"చెప్తే, విద్యార్థే పాఠం రాసిందని ఇంకో కేసయితది అమ్మా" అన్నాడు ఐలేశం, నిజంగానే బాధపడుతూ.

ఆమెకు ముందు ఏడుపొచ్చింది. బస్సు నకిరేకల్ దాటేసరికి నవ్వొచ్చింది. ఇంటికెళ్ళి మళ్ళీ పరీక్షకు దరఖాస్తు నింపింది. మరుసటి ఏడు తన పాఠంలో రాసిన ప్రతి ముక్కకూ సరిగ్గా వ్యతిరేకంగా రాసింది.

ఫస్ట్ క్లాసులో పాసయింది.