పునుగుపిల్లి వంశస్థుడి ఇంటర్వ్యూ

కంపాలాలోని ఒక కాఫీ దుకాణం వారు, గల్లాపెట్టె దగ్గర నిలబడేందుకు యోగ్యులు కావాలని ప్రకటన ఇచ్చారు. చేయవలసిన పని: కాఫీ ఇవ్వడం, డబ్బు పుచ్చుకోవడం, ఈ రెంటి మధ్య నవ్వడం. కావలసిన అర్హతలు: డిగ్రీ, అయిదేళ్ల అనుభవం, పాస్టరు గారి ఉత్తరం, పేట పెద్ద సంతకం, తొలి ఉద్యోగమనే ఉత్సాహం. అయిదేళ్ల అనుభవమూ తొలి ఉద్యోగమూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని ఎవరూ అడగలేదు. నూట నలభై మంది దరఖాస్తు పెట్టారు.

వారిలో వలుసింబి మాస్టారు ఒకరు. వయసు యాభై నాలుగు. ఆయన లెక్కలు చెప్పిన బడిని దాని యజమాని కార్లు కడిగే చోటుగా అభివృద్ధి చేశాడు. భార్య ప్రాసీ పోయి పదకొండు నెలలైంది. జీతం అవసరమే, అంతకన్నా, రోజూ పొద్దున్నే చొక్కా తొడుక్కుని వెళ్లడానికి ఒక చోటు అవసరం. ఈ సంగతి రాసేందుకు దరఖాస్తులో గడి లేదు. అందుచేత "కాఫీ పట్ల అపారమైన మక్కువ" అని రాశారు. కాఫీ తోటల మధ్య పుట్టిన ఆ పెద్దమనిషి జన్మలో టీ తప్ప తాగి ఎరగడు.

వారం రోజులు అద్దం ముందు నవ్వు సాధన చేశారు. ఇరవై ఎనిమిదేళ్లపాటు పిల్లల్ని నవ్వనివ్వని ముఖం అది. చివరికి పంటినొప్పికీ సంతోషానికీ మధ్య ఒక రాజీ కుదిరింది.

ఇంటర్వ్యూ గదిలో ఇద్దరున్నారు: మేనేజరు గోరెట్టి, ఇరవై ఆరేళ్ల అమ్మాయి, పక్కన డైరెక్టరు గారు. ఇద్దరి ముందూ ఫ్లాస్కులో పాల టీ ఉంది.

"మేం అమ్మేది కాఫీ కాదు, అనుభూతి!" అన్నారు డైరెక్టరు గారు. "ఇక్కడ యజమాని లేడు, నౌకరు లేడు. అందరం ఒకే కుటుంబం!"

"మీ గురించి చెప్పండి," అంది గోరెట్టి తలెత్తకుండా.

ముందు వెళ్లినవాళ్లు నాయకత్వ లక్షణాల గురించి చెప్పారట. మాస్టారికి మాత్రం ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు తెలుసు. పెళ్లిలోనైనా చావులోనైనా, కంపాలా చుట్టూ ఉన్న బుగాండా సీమ మనిషి చెప్పే జవాబు. నిలబడే ఉన్నారు కనక గొంతు సవరించుకుని తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు, ఇంటి శాఖ, అది పుట్టిన గుట్ట వరసగా చెప్పి, అక్కడి వంశాలకు జంతువుల పేర్లే కనక, "మాది పునుగుపిల్లి వంశం" అని ముగించారు.

గోరెట్టి కలం ఆగింది. "ఏ గుట్ట అన్నారు?"

చెప్పారు. ఆ అమ్మాయి వేళ్ల మీద తరాలు లెక్కపెట్టింది. కుర్చీ వెనక్కి తోసి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఇస్త్రీ బట్టలతోనే నేల మీద మోకరిల్లింది.

"తాతగారూ! మా నాన్నకు మీరు చిన్నాన్న అవుతారు. కూర్చోమనైనా అనలేదు, ఏమనుకోకండి."

"లే తల్లీ, లే. ముందు ఉద్యోగం ఇవ్వు. తర్వాత తీరిగ్గా మొక్కుదువుగాని."

"ఎలా ఇవ్వను తాతా? ఆలస్యంగా వస్తే తిట్టాలి. పాలు ఒలకబోస్తే తిట్టాలి. మిమ్మల్ని తిట్టానని తెలిస్తే మా నాన్న నన్ను గడప తొక్కనిస్తాడా?"

"ఆలస్యంగా రానమ్మా. ఈమధ్య నిద్ర పెద్దగా పట్టడం లేదు."

"మరి పాలు?"

మాస్టారు నిజాయితీపరులు. "అది మాత్రం చెప్పలేను."

డైరెక్టరు గారు నియమావళి తెరిచారు. "ఏడో నిబంధన. ఒకే వంశం వారు ఒకే దుకాణంలో పనిచేయరాదు. బంధుప్రీతికి ఇక్కడ తావు లేదు!"

"ఇందాక కుటుంబమన్నారు..." అన్నారు మాస్టారు.

"ఆ కుటుంబం వేరండీ!"

ఉద్యోగం డైరెక్టరు గారి సొంత చెల్లెలి కొడుకు డెరిక్‌కు వచ్చింది. పిల్లలది తండ్రి వంశమే కనక డెరిక్ మిడత వంశస్థుడు. మేనమామ సింహ వంశస్థులు. ఏడో నిబంధన మీద ఈగ కూడా వాలలేదు.

నెల తిరగకుండా గోరెట్టికి పెళ్లి కుదిరింది. మగపెళ్లివారు ఇంటికి వచ్చిన శనివారం నాడు, ఆడపెళ్లివారి తరపు పెద్దగా మాస్టారిని ఎత్తయిన కుర్చీలో కూర్చోబెట్టారు. పాస్టరు ఉత్తరం ఎవరూ అడగలేదు. రెండు వందల మంది వంగి పలకరించారు. అతిథిగా వచ్చిన డైరెక్టరు గారు మైకు అందుకుని, "ఇటువంటి పెద్దలే లేకపోతే ఈ జాతి ఏమైపోయేది!" అని గద్గదస్వరంతో ప్రశ్నించారు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు కూడా కొట్టారు; పెద్దలంటే ఆయనకూ గౌరవమే.

సోమవారానికి మాత్రం తాతగారు ఎవరికీ అక్కర్లేకపోయారు.