ప్రభువుకు భారతీయత ప్రాప్తించిన విధం

యేసుప్రభువు భారతీయుడయ్యాడు! ఈ శుభవార్త మీకింకా చేరకపోతే తప్పు మీది కాదు, చాటింపు వేయించని మాది. ఊరవతలి మా పాలెం చర్చిలో ఇది మొన్న క్రిస్మస్‌కే జరిగిపోయింది.

మా పాస్టరు ఆదాం అయ్యగారు బెంగుళూరు వెళ్ళి సెమినార్‌లో కూర్చుని వచ్చారు. క్రీస్తును మన సంస్కృతిలోంచి చూడాలని అక్కడ పెద్ద పెద్ద డాక్టరేట్లవాళ్ళు తేల్చారట. వస్తూ వస్తూ ఒక పటం తెచ్చారు. కాషాయం, పద్మాసనం, అరమోడ్పు కన్నులు!

అంతకుముందు మా గోడమీది ప్రభువుకు నీలికళ్ళు, బంగారు జుట్టు. "ఈ పల్నాటి ఎండలకి బిడ్డ ఎట్టా తట్టుకుంటాడో!" అని మా పుల్లమ్మత్త ఏటా వేసవిలో జాలిపడేది. ఇక ఆ బెంగ తీరింది. ఇది మేలు కాదంటారా?

చాపలమీద కూర్చోవడమే అసలైన భారతీయ ఆరాధన అని కూడా తీర్మానించారట. బెంచీలు చేయించే స్తోమతు లేక మేం తరతరాలుగా పరుచుకుంటున్న చాపలకు బెంగుళూరులో అంత పేరొస్తుందని ఎవరనుకున్నారు?

ధ్యానం కూడా వచ్చింది. పొద్దుగూకేదాకా పత్తి తీసొచ్చిన మావాళ్ళను అయ్యగారు కళ్ళు మూసుకోమన్నారు. ఎంత లోతుకు వెళ్ళారంటే, కొందరి ధ్యానం రోడ్డుమీదికి కూడా వినిపించింది!

అందరికంటే సంబరపడింది మరియదాసు తాత. ఆయన డప్పు కొడితే ఎవరికీ కాలు నిలవదు. కానీ అది అన్యుల వాయిద్యమని ఒకప్పుడు మిషనరీ దొర చర్చి గడప బయటే ఆపించాడు. కన్నుమూసేలోగా ప్రభువు ముందు ఒక్క దరువు వెయ్యాలని తాత కోరిక.

"ఇప్పుడాయన మన దేశపోడయ్యాడు గదయ్యా. ఇంక కొట్టొచ్చుగా?"

అయ్యగారు ఇబ్బందిగా నవ్వారు. "భారతీయ సంగీతమంటే వీణ, మృదంగం తాతా."

"మరి డప్పుది ఏ దేశమయ్యా?"

ఈ ప్రశ్న సెమినార్‌లో రాలేదట.

క్రిస్మస్ సాయంత్రం పటానికి పల్లకీ కట్టాం. ఊరేగింపు లేనిదే భారతీయత ఎలా నిండుతుంది? టేప్‌రికార్డరులో వీణ మోగుతుండగా ప్రభువు పెద్దబజారు మలుపుదాకా వచ్చాడు. డప్పు చంకన పెట్టుకుని తాత అందరికంటే వెనక.

మలుపులో ఊరిపెద్ద వెంకటనారాయణ గారు ఎదురొచ్చారు. చెప్పులు విడిచి మరీ పటానికి దణ్ణం పెట్టారు.

"ఆహా, ఋషికళ ఉట్టిపడతందయ్యా ఆదాం! అచ్చం మనవాడే!"

మా అందరి ఛాతీలూ ఉబ్బాయి.

"సరే, ఇక వెనక్కి తిప్పండి" అన్నారాయన.

"ఏమండీ?" అన్నారు అయ్యగారు.

"దేవుడికేం, బంగారంలాంటి దేవుడు. మోసేది మీరాయె! బజార్లోకి ఎట్టా?"

పల్లకీ తిరిగింది. చేలగట్టు ఎక్కాక అయ్యగారు తన చేత్తోనే వీణను ఆపేశారు. వెనక్కి తిరిగి తాతను ముందుకు రమ్మన్నారు.

"కొట్టు తాతా" అన్నారు.

తాత నాలుగు పత్తికట్టెలు పోగేసి మంటపెట్టి, డప్పు కాచి, దరువందుకున్నాడు. ఆపైన పుల్లమ్మత్త ఎలా చిందేసిందో రాయను. ఆమె స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. పద్మాసనంలో ఉన్న ప్రభువు మాత్రం పాలెం చేరేదాకా పల్లకీలో ఎగురుతూనే ఉన్నాడు!

అంచేత సెమినార్ వృథా అయిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మిషనరీ దొర బతికున్నప్పుడు జీపులో పెద్దబజారు మీదుగానే మా పాలెం వచ్చేవాడు. అరుగులమీద వాళ్ళు లేచి నిలబడేవారు. నీలికళ్ళ ప్రభువు పటం కూడా ఆ జీపులోనే, ఆ బజారులోంచే వచ్చింది. ఎవరూ ఆపలేదు. ఇప్పుడు కాషాయం కట్టిన ప్రభువు బజారు మొగదల్లో వెనుదిరిగి, మాతోపాటు గట్లవెంట నడిచి ఇల్లు చేరాడు.

భారతీయుడు కావడానికి ఆయనకు ఇంకేం తక్కువైంది చెప్పండి!