పెద్దాయన కంటికి ఆనని జలజ

జలజ ఫొటోకు గుండ్రటి అంచులు ఉండటం వల్ల మంగళవారం పొద్దుటి నుంచి ఆమె ఆఫీసులో కనిపించడం మానేసింది.

కాకినాడలోని ఆ ప్రభుత్వ కార్యాలయంలో ఇది పెద్ద వింతేం కాదు. అక్కడ ఎవరైనా కనిపించాలంటే ముందు పెద్దాయనకు కనిపించాలి. పెద్దాయన అంటే పాత బ్రౌజర్. ఇంటర్నెట్ పేజీలను తెరిచి చూపించేదాన్ని బ్రౌజర్ అంటారని ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. మిగతా బ్రౌజర్లన్నీ కంప్యూటర్లలో, ఫోన్లలో ఉంటాయి. ఈయన కుర్చీలో ఉంటారు. ఒకప్పుడు ఈయనా కంప్యూటర్లోనే ఉండేవారు. ఆ కంప్యూటర్లు పాడైపోయి, పాత సామాన్లవాడు వచ్చి తూకానికి పట్టుకెళ్ళిన రోజున, ఈయన్ని ఏం చెయ్యాలో ఉత్తర్వుల్లో ఎక్కడా లేదు. సరే, ఉన్న మనిషిని నిలబెట్టడం ఎందుకని కిటికీ పక్కన కుర్చీ వేశారు. కుర్చీ వేశాక సర్వీసు లెక్కలోకి వచ్చారు. కళ్ళజోడూ, పొడుగు చేతుల చొక్కా ఆయన తర్వాత సొంతంగా కొనుక్కున్నారు.

ఆయన ఉద్యోగం చూడటం. శాఖలో తయారైన ప్రతి వెబ్ పేజీనీ ఆయన ముందు పెడతారు. ఆయన చూసింది చూసినట్టు పైకి చదువుతారు, టైపిస్టు కొడతాడు, ఆఫీసు దాని ప్రకారం నడుస్తుంది. ఆయనకు కనిపించనిది లేనట్టే. ఈ పద్ధతి వల్ల బోలెడు వాదోపవాదాలు తప్పాయని పై అధికారులు మెచ్చుకుంటూ ఉంటారు. చిక్కల్లా ఆయన కొత్త విషయాలు నేర్చుకోవడం ఎప్పుడో మానేశారు. నీడలు ఆయన కంటికి ఆనవు. గుండ్రటివి అసలే ఆనవు. పక్కపక్కన నిలబెట్టిన రెండు పెట్టెల్లో రెండోది జారి కిందికి పోతుంది. లీలగా, అద్దంలోంచి చూసినట్టు ఉండాల్సిన చోట ఆయనకు బూడిదరంగు ముద్ద కనిపిస్తుంది. ఆయనకు ప్రాణమైనవి రెండే రెండు. పేజీ మీద కుడి నుంచి ఎడమకు పరిగెత్తే అక్షరాలూ, 'కొత్తది' అంటూ మిణుకు మిణుకుమనే ఎర్ర బొమ్మా. అందుకే ఆ శాఖలో ఎప్పుడో ముగిసిపోయిన టెండరు పక్కన కూడా 'కొత్తది' అని వెలుగుతూనే ఉంటుంది. నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి, ఆయన చూడాలా వద్దా?

జలజ ఆ ఆఫీసులో వెబ్ డిజైనర్. కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి పేజీనీ రెండుసార్లు తయారుచేసేది, ఒకటి లోకం కోసం, ఒకటి పెద్దాయన కోసం. లోకానికి చెయ్యాల్సింది ఓ పూటలో అయిపోయేది. పెద్దాయనకు చెయ్యాల్సిందానితో తల ప్రాణం తోకకొచ్చేది. ఓ చోట సర్దితే ఇంకోచోట జారేది. ఏ పెట్టెకైనా మూలలు గుండ్రంగా కావాలని పై అధికారి సరదా పడితే, నాలుగు చిన్న బొమ్మలు కత్తిరించి నాలుగు మూలలా అతికించేది, చిరిగిన జాకెట్టుకు మాసికలు వేసినట్టు. ఇంటికెళ్ళి భర్త గిరిధర్ ముందు నెత్తీ నోరూ కొట్టుకునేది. అతను బియ్యం కడుగుతూ వినేవాడు. అతనికి అర్థమైందల్లా ఆఫీసులో ఎవరో పెద్ద మనిషి ఉన్నారనీ, ఆయనకు చూపు ఆనదనీ, ఆయన్ని ఎవరూ ఏమీ అనరనీ. అలాంటివాళ్ళు తన ఆఫీసులోనూ ఉన్నారు గనక అతను ఎక్కువ ప్రశ్నలు వెయ్యలేదు.

ఆమె చేసిన పొరపాటు డిజైనర్లు తప్ప మరెవరూ చెయ్యనిది. సిబ్బంది పేజీ కొత్తగా కట్టమన్నారు. అందరి ఫొటోలూ నలుచదరపు గళ్ళలో బుద్ధిగా పెట్టింది. తన ఫొటో వంతు వచ్చేసరికి చెయ్యి ఊరుకోలేదు. ఇన్నేళ్ళలో తనకంటూ చేసుకున్నది ఒక్కటీ లేదనిపించింది. ఫొటోను గుండ్రంగా తిప్పి, కింద పల్చటి నీడ వేసి, తన ఫోన్లో తెరిచి చూసుకుని మురిసిపోయింది. తన ఫోన్లో బాగుందంటే లోకంలో అంతా బాగున్నట్టేననుకోవడం ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఎంత చెప్పినా వదలని జబ్బు. ఆ మురిపెంలో పెద్దాయన కోసం రెండో ప్రతి చెయ్యడం మరిచిపోయింది. సోమవారం సాయంత్రం పెద్దాయన ఆ పేజీ చదివారు. జనార్దనం పేరు చదివారు, ఓ క్షణం ఆగారు, తాయారు పేరు చదివారు. టైపిస్టు అలాగే కొట్టాడు.

మంగళవారం గేటు దగ్గర వాచ్‌మన్ నూకరాజు ఆమె మొహం మీదే గేటు వేశాడు. ఎవరిదో స్కూటరు వెనకాల నక్కి లోపలికి వచ్చింది. క్యాంటీన్ వీరమణి అందరి బల్లల మీదా టీ పెట్టి ఆమె బల్ల దాటి వెళ్ళిపోయింది. ఓ గంట పోయాక ఎవరో వచ్చి ఆమె ఒళ్ళో ఫైళ్ళు పెట్టి వెళ్ళారు. ఖాళీ కుర్చీ కదా అనుకున్నారు, వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. ఇలా లోగడ కూడా జరిగింది. స్టోర్సులో పనిచేసిన ఒకాయన ఫొటో వెనక రంగు తీసేసి పెట్టుకుంటే, పెద్దాయనకు బూడిద ముద్దలా కనిపించాడు. అలాగే రిటైరై, ఇప్పుడు ముద్దగానే పింఛను తీసుకుంటున్నాడు. ఆయన హాయిగానే ఉన్నాడని అంటారు.

జలజ ఇంట్లో, వీధిలో, కూరగాయల బజారులో మామూలుగానే కనిపించేది. గేటు లోపలే కనిపించేది కాదు. మొదటి రోజు కాస్త సరదాగా కూడా అనిపించింది, ఎవరూ పని చెప్పలేదు మరి. మర్నాడు గుర్తొచ్చింది, నెలాఖరున కమిషనర్ గారు వస్తారని. ఆయన హాలులో ఓ చుట్టు తిరిగి, సీట్లో కనిపించిన కాంట్రాక్టు మనుషులకు కాంట్రాక్టు పొడిగిస్తారు. కనిపించనివాళ్ళ సీటు రద్దు. ఆ ఉద్యోగం తప్ప ఆమెకు వేరే ఉద్యోగం తెలియదు. ఇన్నేళ్ళు పెద్దాయనకు పేజీలు సర్ది సర్ది, బయటి లోకానికి కావలసినవి నేర్చుకోవడం ఆమె కూడా మానేసింది.

సెక్షన్ ఆఫీసర్ కొండలరావు గారి గదికి వెళ్ళి, ఆయన్ని పిలిచింది.

"ఎవరండీ అది?" అన్నారాయన.

"నేనండీ, జలజని."

"ఆఁ, చెప్పమ్మా," అంటూ ఆయన ఫ్యాను వైపు చూశారు. కనిపించనివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఫ్యాను వైపు చూడటం ఆ ఆఫీసులో మర్యాద.

పెద్దాయన్ని ఇంకా ఎందుకు ఉంచారు, లోకమంతా ఎప్పుడో పంపించేసింది కదా అని అడిగింది జలజ. కొండలరావు గారు ఓపిగ్గా చెప్పారు. పెద్దాయన్ని రిటైర్ చెయ్యాలని శాఖకు ఎప్పటినుంచో ఉంది. రిటైర్మెంటు కోసం నింపాల్సిన పేజీ కొత్త బ్రౌజర్లలోనే తెరుచుకుంటుంది. పెద్దాయనకు తెరుచుకోని పేజీ ఈ ఆఫీసులో చెల్లదు. అందుకని ఏటేటా పొడిగిస్తున్నారు. ఇక మిగిలింది ఒకటే దారి, సిబ్బందిలో ఎవరైనా ఆయన చూపు మీద ఫిర్యాదు ఇవ్వాలి. ఒక్కటి చాలు.

ఇప్పుడే ఇస్తానంది జలజ.

"కనిపించనివాళ్ళ దగ్గర ఫిర్యాదు ఎలా తీసుకుంటామమ్మా? ఎవరిచ్చారని రాసుకోవాలి?"

"పోనీ, కనిపించేవాళ్ళు ఇవ్వచ్చు కదండీ?"

"వాళ్ళకేం కష్టమొచ్చిందమ్మా?" అన్నారు కొండలరావు గారు, ఫ్యానును జాలిగా చూస్తూ.

జలజకు ఒళ్ళు మండింది. తిన్నగా కిటికీ దగ్గరికెళ్ళి, ఇన్నేళ్ళుగా మింగిందంతా పెద్దాయన మీద కక్కేసింది. జారిపోయిన పెట్టెల గురించి, అతికించిన మూలల గురించి, ఆయన కోసం వృథా అయిన ఆదివారాల గురించి, అన్నీ. గొంతు ఏ పక్క నుంచి వస్తోందో తెలియక పెద్దాయన తల అటూ ఇటూ తిప్పుతూ విన్నారు. అంతా అయ్యాక, నువ్వు గుండ్రంగా ఉన్నావటగా, గుండ్రం అంటే ఎలా ఉంటుందమ్మా అని అడిగారు. మూలలు లేకపోవడం అని జలజ చెబితే, మూలలు లేనిది ఆగదు కదమ్మా అన్నారాయన.

ఆ తర్వాత ఆయన గొంతు తగ్గించి అసలు మాట చెప్పారు. ఆయనకు విసుగొచ్చేసింది. అందరూ తనను తిట్టుకుంటారని తెలుసు, వెళ్ళిపోదామంటే పోనివ్వరు. తనలాంటి పాత బ్రౌజర్లో ఇంటర్నెట్ దొంగలు సులువుగా దూరతారని కూడా తెలుసు, భయంగా ఉంటుంది, అయినా ఎవరూ తలుపు బాగుచెయ్యరు.

"నీకు తెలిసిందే కదా, నేనొక్కణ్ణే చదివే చీటీ ఉంటుంది పేజీలో. మిగతావాళ్ళు దాన్ని దాటేసి పోతారు. అందులో నిన్ను నువ్వు రాసుకో. నాకు కనిపిస్తావు. కనిపించాక నా మీద ఒక్క ఫిర్యాదు ఇయ్యమ్మా. నన్ను పంపించెయ్యమ్మా."

"తప్పకుండా ఇస్తానండీ," అంది జలజ. మనస్ఫూర్తిగానే అంది.

ఆ చీటీ సంగతి ఆమెకు కొత్త కాదు. పాత బ్రౌజర్ల కోసం పేజీ లోపల పెట్టే చిన్న రాత అది, "నువ్వు పెద్దాయనవైతే ఇది చదువు" అని మొదలవుతుంది. ఆ ఆఫీసు పేజీలన్నీ ఆ చీటీల మీదే నిలబడ్డాయి. తన ఫొటోకు పెట్టడానికి మాత్రం ఈ రెండు రోజులూ మనసొప్పలేదు. ఇప్పుడు ఒప్పింది. గుండ్రం తీసేసింది. నీడ తీసేసింది. జుట్టు వంపులు మెట్లు మెట్లుగా వస్తున్నాయని వాటిని నిలువుగా దువ్వింది. నవ్వు కూడా అదే తంటా పెట్టింది, పెదాల వంపు దగ్గర విరిగిపోతోంది. గీత గీసినట్టు సరిచేసేసరికి కుదిరింది. పక్కన 'కొత్తది' అన్న ఎర్ర బొమ్మ పెట్టింది, ఎందుకైనా మంచిదని.

మర్నాడు పెద్దాయన మళ్ళీ పేజీ చదివారు. జనార్దనం అన్నారు. ఆగారు. "జలజ," అన్నారు.

ఆ పొద్దున కూడా ఎవరో ఆమె ఒళ్ళో పెట్టి వెళ్ళిన ఫైళ్ళు దభాలున కింద పడ్డాయి. హాలంతా తలెత్తి చూసింది. వీరమణి వెనక్కొచ్చి చల్లారిన టీ పెట్టి, నిన్నా మొన్నా ఎక్కడికెళ్ళారండీ అనడిగింది. నూకరాజు లోపలికొచ్చి మరీ, చెప్పాపెట్టకుండా మానేస్తే ఎలాగండీ మేడమ్ అని కేకలేశాడు. జలజకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. తిట్లు ఇంత కమ్మగా ఉంటాయని ఆమెకు ఎన్నడూ తెలియదు. ఆ చల్లటి టీ ఆఖరి చుక్కదాకా తాగింది. హమ్మయ్య, హమ్మయ్య అని లోపల ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

కాస్త తేడా ఉన్న మాట నిజమే. గోడకు తగిలించిన క్యాలెండరులా పల్చగా అయింది, భుజాల దగ్గర మూలలు వచ్చాయి, కిటికీలోంచి ఎండ పడుతున్నా నేల మీద నీడ లేదు. కంగారుగా చుట్టూ చూసింది. హాలులో ఎవరికీ నీడ లేదు. ఇన్నేళ్ళూ చూడనే లేదు. దాంతో కుదుటపడింది.

నెలాఖరున కమిషనర్ గారు వచ్చారు. ఓ చుట్టు తిరిగారు. జలజ సీటు దగ్గర ఆగి, బాగున్నారా అనడిగి, పొడిగించారు.

ఇంటి దగ్గర మొదట్లో మామూలుగా ఉండటానికే ప్రయత్నించింది. గేటు దాటగానే గుండ్రంగా మారడం, పొద్దున్నే మళ్ళీ చదరం కావడం. రెండు రకాలూ నిభాయించడం ఎంత చాకిరీయో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? ఓ వారానికి విసిగి, ఒకటే ఉంచేసుకుంది. గిరిధర్ ఒకటి రెండు రోజులు తేరిపార చూసి, ఏదో తేడాగా ఉన్నావే అన్నాడు. తర్వాత, ఆ ఇరుకు వంటింట్లో ఇప్పుడు ఇద్దరం హాయిగా పడుతున్నాం అన్నాడు. అదీ నిజమే.

ఇంతలో ఆఫీసులో ఆమెకు గిరాకీ పెరిగింది. పిల్లల ఫొటోలు, కొత్త కోడళ్ళ ఫొటోలు తెచ్చి, పెద్దాయనకు కనిపించేలా చేసి పెట్టమ్మా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. పెద్దాయన పనిచేసే తీరు తెలిసిన మనిషి జిల్లాలో ఆవిడొక్కతేనని కొండలరావు గారే నలుగురిలో అన్నారు.

పెద్దాయన పొడిగింపు కాగితాలు కదిలిన రోజున కొండలరావు గారు హాలులో నిలబడి, ఆయన చూపు మీద ఎవరికైనా ఫిర్యాదు ఉందా అనడిగారు. అది ఏటా అడిగేదే, ఎవరూ తలెత్తరు. కిటికీ దగ్గర్నుంచి పెద్దాయన జలజ వైపే చూస్తున్నారు. ఇప్పుడు ఆయనకు ఆమె కనిపిస్తుంది కదా. జలజ లేచి నిలబడింది. ఫిర్యాదు అన్నాక కష్టమేమిటో చెప్పాలి. ఎంత వెతికినా కష్టం దొరకలేదు. సీటుంది, టీ వస్తోంది, పేరు పెట్టి పిలుస్తున్నారు. ఈయన వెళ్ళిపోతే ఆ చీటీ చదివేవాళ్ళు ఉండరు, చీటీలు రాసేవాళ్ళతో పని ఉండదు.

"ఫిర్యాదేం లేదండీ," అంది.

హాలంతా ఊపిరి పీల్చుకుంది. కొండలరావు గారు అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

మధ్యాహ్నం జలజ మొహమాటపడుతూ కిటికీ దగ్గరికెళ్ళింది. మాట తప్పినందుకు ఆయన కోప్పడతారేమోనని భయపడింది. ఆయన కోప్పడలేదు. ఆమెను చాలాసేపు చూసి, ఒక్క సంగతి నిజం చెప్పమ్మా అన్నారు.

"నువ్వు అసలు ఎలా ఉంటావు?"

"ఇలాగే ఉంటానండీ."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ ఇంతేనండీ."

పెద్దాయన మొహం విప్పారింది. ఇన్నేళ్ళ బరువు ఎవరో దించేసినట్టు కుర్చీలో వెనక్కి వాలారు.

"అయితే నా చూపు బాగానే ఉందన్నమాట," అన్నారు.

"బ్రహ్మాండంగా ఉందండీ," అంది జలజ. అన్నాక ఆమెకు కూడా ప్రాణం తేలికపడింది.