చిల్లు కింద పంట

"రెండువేల యాభయ్యో సంవత్సరం దాకా ఈ దేశంలో ఎవరికి ఆకలేస్తుందో, ఏ పూట వేస్తుందో ఇప్పుడే లెక్కగడతాం!" అని ఆహార మంత్రిగారు ప్రకటించారు. అంత దూరదృష్టి గల మనిషి పక్కనే ఉన్న గోదాము చూడటానికి స్వయంగా దయచేయడం ఆ ఊరి అదృష్టం.

గోదాము గుమాస్తాది మాత్రం దగ్గరి చూపు. ఆయనకు కనిపించేది కప్పు రేకులో చిల్లు. దాని కింద నాలుగు వందల బస్తాల గోధుమలు, ఊరికి ఈ నెల ఇవ్వాల్సిన రేషను. కొత్త రేకుల కోసం పదకొండు ఉత్తరాలు రాశాడు. పన్నెండోది జేబులో ఉంది.

"ఈసారైనా నోరు విప్పండి. రేషను ఏదని ఊరంతా నన్నే అడుగుతోంది," అని భార్య పొద్దున్నే హెచ్చరించి పంపింది.

మంత్రిగారి వెంట ల్యాప్‌టాప్‌తో ఒక నిపుణుడు వచ్చాడు. శాతాల్లో తప్ప మాట్లాడడు.

"వర్షాలు పెరిగే రిస్కు అరవై మూడు శాతం సార్."

"పెరగక్కర్లేదండీ. ఉన్న వానే లోపలికొస్తోంది," అన్నాడు గుమాస్తా.

చూపించాడు. తడిసిన బస్తాలు చిట్లి, గోధుమలు జానెడెత్తు మొలిచి పచ్చగా ఊగుతున్నాయి. మొన్నటికి బెత్తెడే ఉండేవి. ఉద్యోగం ఊడిందనుకున్నాడు గుమాస్తా.

మంత్రిగారు మొలకలను ముద్దుగా నిమిరారు. "పొలం లేదు, రైతు లేడు, ఎరువు లేదు. పంట మాత్రం ఉంది!"

నిపుణుడు టకటకా కొట్టాడు. "ఆకలి రిస్కు సున్నా శాతం సార్."

"అయ్యా, అవి తిండిగింజలండీ..."

"ఎంత వినయం! ఎన్నాళ్ల నుంచి పండిస్తున్నావయ్యా?"

"పదకొండు ఉత్తరాల నుంచండీ," అంటూ గుమాస్తా పన్నెండోది అందించాడు.

మంత్రిగారు చదవకుండానే "కప్పు విషయం వెంటనే చూడండి" అని తన కార్యదర్శితో చెప్పి సంతకం పెట్టేశారు. ఉత్తరం కప్పు గురించని ఆయన చెవిలో ఊదింది ఆ కార్యదర్శే. గుమాస్తాకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. ఆ సాయంత్రం భార్య ఆయన టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసింది.

మర్నాడు మాట ప్రకారం మనుషులు నిచ్చెనలతో వచ్చారు. మధ్యాహ్నానికల్లా రేకులన్నీ విప్పి లారీకెక్కించారు. పంటకు ఎండ బాగా తగలాలట. మేస్త్రి వెళ్తూ వెళ్తూ ఒక నీళ్ల డబ్బా ఇచ్చాడు.

"రెండు పూటలా తడపమన్నారు బాబాయ్."

అప్పటికే చినుకులు మొదలయ్యాయి. ఆకలి రిస్కు సున్నా అని పేపర్లో చదివిన జనం గేటు బయట ఖాళీ సంచులతో బారులు తీరారు. అందరికంటే ముందు నిలబడ్డది ఆయన భార్యే.

"ఏవండీ, రేషను ఎప్పుడిస్తారు?"

గుమాస్తా చేతిలోని డబ్బా వంక చూసుకున్నాడు.

"పంట చేతికొచ్చాక."